బాప్తిస్మము తరువాత: విశ్వాసములో ఎదుగుటను గూర్చి మన సంఘ చరిత్ర నేర్పు పాఠము



మన దేవాలయములు ఎప్పుడు కట్టబడెనో, ఏ మిషనరీ ఏ యూరికి వచ్చెనో, ఏ పాఠశాల ఎట్లు ఆరంభమాయెనో ఈ శతాబ్ది సంచికలో వ్రాయుటకు తగిన పెద్దలు కలరు. నేను ఎత్తుకొనిన విషయము వేరు. మన తాతముత్తాతలు బాప్తిస్మము పొందిన మరునాడు ఏమి జరిగెను? తలమీద నీళ్ళు పడిన ఆ కుటుంబమునకు ప్రార్థన ఎవరు నేర్పిరి? వారి విశ్వాసము ఎక్కడ పెరిగెను, ఎక్కడ పెరుగక ఆగిపోయెను, ఎందుచేత? ఈ ప్రశ్నలకు చరిత్రలో జవాబు వెదకుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

సంఘ రిజిస్టరులలో బాప్తిస్మముల లెక్క ఉండును. వివాహముల లెక్క, సమాధుల లెక్క ఉండును. ఎదుగుదల లెక్క మాత్రము ఏ రిజిస్టరులోను ఉండదు. లెక్కకు దొరకని దానిని మరచిపోవుట సులభము. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల సంఘములలో నేడు కూర్చుండువారిలో చాలామంది మూడవ తరమువారు, నాలుగవ తరమువారు. వీరు క్రైస్తవ కుటుంబములో పుట్టిరి, శిశు బాప్తిస్మము పొందిరి, కన్ఫర్మేషన్ తీసికొనిరి. పుట్టుకతో వచ్చిన ఆ పేరు విశ్వాసముగా పెరుగునా, లేక పేరుగానే మిగిలిపోవునా? శతాబ్ది సంవత్సరములో మనము వేసికొనవలసిన పెద్ద ప్రశ్న ఇదియే అని నా మనవి.

1. ఎదుగుట అందరికిని ఆజ్ఞ

ఆత్మీయముగా ఎదుగుట కొందరు భక్తులకు మాత్రమే ఏర్పరచిన పై మెట్టు కాదు. పేతురు తన రెండవ పత్రికను ముగించుచు (3:18) చివరి మాటగా విశ్వాసులందరికి ఎదుగుమని చెప్పెను. హెబ్రీ పత్రిక రచయిత (5:12-14) ఇతరులకు బోధించవలసిన వయస్సు వచ్చినను ఇంకను పాలు త్రాగు పిల్లలవలె ఉన్నవారిని గద్దించెను. పౌలంతటివాడు ఫిలిప్పీయులకు వ్రాయుచు (3:12-14) తాను గురి చేరితినని చెప్పుకొనలేదు, ఇంకను పరుగెత్తుచున్నానని చెప్పెను.

ఎఫెసీ పత్రికలో (4:11-16) మరియొక సంగతి కలదు. అక్కడ ఎదుగునది ఒక్క మనిషి కాదు, శరీరము. చేయి ఒక్కటే పెరిగి కాలు పెరుగకపోయిన దానిని ఆరోగ్యమనము, రోగమందుము. ఒంటరి విశ్వాసి ఒంటరిగా ఎదుగుట అపొస్తలులు ఎరుగని సంగతి.

“ఎదిగించువాడు దేవుడు గదా, మనము చేయగలిగినది ఏమున్నది?” అని కొందరు అడుగుదురు. నిజమే. మార్కు సువార్తలోని విత్తనపు ఉపమానము (4:26-29) అదే నేర్పుచున్నది. రైతు నిద్రపోవుచుండగానే మొలక లేచును, ఎట్లు లేచెనో అతనికే తెలియదు. నారు పోసినవాడు నీరు పోయడా అని మన పెద్దలు అందురు. అయితే గట్టు వేయుట, మడవ తిప్పుట, కలుపు తీయుట ఎవరి పని? ఆ పని రైతుదే. జీవము దేవునిది, సేద్యము మనది. సంఘ చరిత్రలో ఈ సేద్యము ఎట్లు జరిగెనో ఇప్పుడు చూతము.

2. అప్పులోనుండి పుట్టిన కూటము

కరీంనగర్ ప్రాంతమునకు సువార్తను తెచ్చినవారు వెస్లియన్ మెథడిస్టు మిషనువారు. కాబట్టి మన కథ జాన్ వెస్లీతో మొదలుపెట్టుట న్యాయము.

1738 మే 24న లండనులోని ఆల్డర్స్‌గేట్ వీధిలో జరిగిన కూటములో వెస్లీ హృదయము మార్పు పొందెనని మనకందరికి తెలియును. ఆ దినమును గూర్చి ప్రసంగములు వింటిమి. కాని ఆ తరువాత నాలుగేండ్లకు జరిగిన ఒక చిన్న సంగతి మన వంటి సంఘములకు అంతే ముఖ్యమైనది. బ్రిస్టలు పట్టణములో మెథడిస్టులు కట్టుకొనిన కూటపు గృహముమీద అప్పు మిగిలియుండెను. 1742 ఫిబ్రవరిలో దానిని తీర్చు మార్గము ఆలోచించుటకు కూడిరి. సభ్యులలో ప్రతివాడు వారమునకు ఒక పెన్నీ ఇచ్చినయెడల అప్పు తీరునని కెప్టెన్ ఫాయ్ అను ఒక ఓడ నాయకుడు చెప్పెను. చాలామంది బీదలు, ఆ పెన్నీ అయినను ఇయ్యలేరు అని మరియొకరు అనిరి. అప్పుడు ఫాయ్, పదకొండుమందిని తనకు అప్పగించుమనెను. వారమువారము వారి యిండ్లకు పోయి వసూలు చేయుదుననియు, ఇయ్యలేనివారి వంతు తానే వేయుదుననియు చెప్పెను. ఇతరులును అట్లే ఒప్పుకొనిరి.

వసూలుకు పోయిన నాయకులు ఇంటి లోపలి సంగతులు చూచిరి. ఒక ఇంట భార్యాభర్తల కలహము, ఒక ఇంట త్రాగుడు, ఒక ఇంట రోగము, ఒక ఇంట ప్రార్థన మానివేసిన విశ్వాసి. వారు వచ్చి వెస్లీకి చెప్పగా ఆయన కన్నులు తెరువబడెను. ఎన్నాళ్ళనుండియో తాను వెదకుచున్న కాపరి పద్ధతి ఇదియే అని గ్రహించెను. పన్నెండుమంది చొప్పున వారమునకొకసారి కూడి, ఒక నాయకుని యెదుట తమ ఆత్మ స్థితిని దాచకుండ చెప్పుకొని, ఒకరికొరకు ఒకరు ప్రార్థించు తరగతి కూటము ఆ విధముగా ఏర్పడెను. ఇటుకల అప్పు తీర్చుటకు పుట్టిన ఏర్పాటు ఆత్మలను కాయు ఏర్పాటు ఆయెను.

1743లో వెస్లీ ఆ కూటములకు వ్రాసిన నియమములు మూడే మూడు. కీడు చేయకుము, మేలు చేయుము, దేవుడు నియమించిన ఆరాధన సాధనములను విడువకుము. విశ్వాసి నీతిమంతుడని తీర్చబడుట ఆరంభము మాత్రమే అనియు, పరిశుద్ధపరచబడుట జీవితకాలపు పని అనియు ఆయన నమ్మెను. 1763లో వేల్సు దేశములోని పెంబ్రోక్‌షైరును సందర్శించినప్పుడు, గొప్ప ప్రసంగములు జరిగియు కూటములుగా చేర్చబడని చోట మేలుకొనినవారు మరల నిద్రపోయిరని ఆయన చూచి దుఃఖించెను. ప్రసంగము మనిషిని లేపును, కాని లేచినవాడు నడుచుటకు తోడు కావలెను.

కొత్త సంవత్సరపు మొదటి ఆదివారమున మన దేవాలయములలో జరుగు నిబంధన ఆరాధన కూడ ఆ వరుసలోనిదే. 1755 ఆగస్టులో వెస్లీ లండనులో దీనిని మొదట జరిపించెను. ఒకసారి చేసిన సమర్పణ చాలును అను తలంపునకు అది జవాబు. సంవత్సరము సంవత్సరము విశ్వాసి లేచి నిలిచి, నేను నావాడను కాను అని చెప్పవలసియున్నది.

3. దీపపు వెలుగులో నేర్చుకొనిన సంఘము

1870ల చివర విలియం బర్జెస్ మొదలైన వెస్లియన్ మిషనరీలు నైజాము రాజ్యములో పని ఆరంభించిరి. 1880లలో ఆ సేవ కరీంనగర్‌కు వచ్చెను. గ్రామములలో సువార్తను మొదట అంగీకరించినవారు చాలామట్టుకు మాల మాదిగ వాడలవారు. భూమి లేనివారు, వెట్టి చేయువారు, బడి గడప తొక్కనియ్యబడనివారు.

ఇట్టివారికి విశ్వాసములో శిక్షణ ఇచ్చుట ఎట్లు? పుస్తకమిచ్చి చదువుకొమ్మనుటకు వీలులేదు. పగలు రమ్మనుటకును వీలులేదు. పగలంతయు దొర పొలములో పని. కాబట్టి చీకటిపడిన తరువాత దీపము చుట్టు కూర్చుండబెట్టి నేర్పిరి. సువార్తికుడు చెప్పును, వారు తిరిగి చెప్పుదురు. ప్రభువు ప్రార్థన, పది ఆజ్ఞలు, అపొస్తలుల విశ్వాస ప్రమాణము, యేసు ఉపమానములు, అద్భుతములు అన్నియు నోటినుండి నోటికే వచ్చెను.

పాట లేనియెడల ఈ పని జరుగకపోయెడిది. పురుషోత్తము చౌదరిగారు (1803-1890) మొదలైన తెలుగు భక్తులు రాగతాళములతో రచించిన కీర్తనలు మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకములో నేటికిని పాడుచున్నాము. చదువురాని తల్లి నాట్లు వేయుచు పాడుకొనిన కీర్తనలో పాపము, రక్షణ, సిలువ, పునరుత్థానము అన్నియు ఉండెను. ఆమెకు వేదాంత పాఠశాల లేకపోయినను వేదాంతము నోటికి వచ్చెను.

మెదకులో చార్లెస్ వాకర్ పోస్నెట్ దొరగారు 1914లో కట్టించ మొదలుపెట్టిన మహా దేవాలయము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడెను. కరవు కాలములో ఆ కట్టడపు పని వేలమందికి కూడు పెట్టెనని మన పెద్దలు చెప్పుకొందురు. 2024లో దానికి నూరేండ్లు నిండెను. ఆ గోపురమును చూచి మనము దేవుని స్తుతింతుము. అయితే ఆ గోపురము నీడలో నిలిచిన విశ్వాసమును కట్టినది గ్రామములలో రాత్రి దీపము పట్టుకొని తిరిగిన సువార్తికుడును, అతనితోకూడ స్త్రీలకు నేర్పిన అతని భార్యయును. వారిలో చాలామంది పేర్లు ఏ శిలాఫలకముమీదను లేవు. వెస్లీ ఏర్పరచిన తరగతి నాయకుని పనిని మన దేశములో చేసినవారు వీరే.

4. దోర్నకల్‌లో అజరయ్యగారి పద్ధతి

మన పొరుగున దోర్నకల్‌లో జరిగిన పని వెస్లియన్ మిషనుది కాదు, ఆంగ్లికన్ సంఘముది. 1947లో మనమందరము ఒక్క సంఘమైతిమి గనుక ఆ చరిత్ర కూడ మనదే. వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్‌గా అభిషేకింపబడిరి. ఆంగ్లికన్ సంఘమునకు మొదటి భారతీయ బిషప్ ఆయనయే. తిరునెల్వేలినుండి తెలుగు దేశమునకు మిషనరీగా వచ్చి, తెలుగు నేర్చుకొని, 1945 జనవరి 1న మరణించువరకు ఇక్కడి గ్రామ సంఘములను కాచిరి.

ఆయన పద్ధతిలో మూడు సంగతులు గమనించదగినవి. మొదటిది, బాప్తిస్మమునకు ముందును తరువాతను క్రమమైన బోధ. రెండవది, సాక్ష్యము. కొత్తగా బాప్తిస్మము పొందినవారి చేతులు వారి తలమీదనే పెట్టించి, సువార్త ప్రకటింపకపోయిన నాకు శ్రమ అను పౌలు భావమును (1 కొరింథీ 9:16) వారిచేత చెప్పించెడివారు. వాక్యము నేర్చుకొనిన దినముననే దానిని పంచు బాధ్యత వారిమీద పడెను. మూడవది, కానుక. కూలి చేసికొని బ్రతుకువారు ఏమి ఇయ్యగలరని ఆయన అనలేదు. వంట వండునప్పుడు పిడికెడు బియ్యము ప్రభువుకొరకు తీసి పెట్టు అలవాటును ప్రోత్సహించిరి. పుచ్చుకొనుటయే ఎరిగినవాడు పిల్లవాడు, ఇచ్చుట నేర్చినవాడు పెద్దవాడు. బీదలను పెద్దవారినిగా ఎంచిన బోధ అది.

దాని ఫలితమేమి? 1930లలో దోర్నకల్ అధ్యక్ష మండలములో ఇతర కులములవారు కూడ క్రీస్తునొద్దకు రాసాగిరి. ఎవరిని తాము అంటరానివారని దూరము పెట్టిరో వారి జీవితములలో వచ్చిన మార్పును కన్నులార చూచుటవలన వారు కదిలింపబడిరి. ఎదుగుదల దాగియుండదు, పొరుగువాడే దానికి సాక్షి.

5. ఎందుకు వచ్చిరి అనుటకంటె తరువాత ఏమి నేర్చిరి అనునది

“మీవారు కూటికొరకు మతము మారిరి” అను నింద మన సంఘములు తరతరములుగా వినుచునేయున్నవి. దీనికి జవాబు 1933లో ఒక పరిశోధన గ్రంథము ఇచ్చెను. భారతదేశపు క్రైస్తవ సమితి కోరికమీద జె. వాస్కం పికెట్ అను మెథడిస్టు మిషనరీ దేశములోని సామూహిక ఉద్యమములను పరీక్షించిరి. ఆయన చూచిన ప్రాంతములలో మన తెలుగు ప్రాంతములు కూడ ఉండెను. ఆత్మీయ కారణముచేత వచ్చినవారిని, దొరల బాధనుండి విడుదల కొరకు వచ్చినవారిని, బంధువులు వచ్చిరని వచ్చినవారిని వేరువేరుగా విచారించిరి.

ఆయన కనుగొనిన సత్యము ఇది. ఒకరు ఏ కారణముచేత వచ్చిరనునది వారి క్రైస్తవ జీవితపు నాణ్యతను అంతగా నిర్ణయింపలేదు. వచ్చిన తరువాత వారికి దొరికిన బోధ, కాపుదల, ఆరాధన అనునవే నిర్ణయించెను. తక్కువ కారణముతో వచ్చియు మంచి శిక్షణ దొరికినవారు స్థిరపడిరి.

ఈ మాట మనకు ఆదరణ, హెచ్చరిక కూడ. ఆదరణ ఏమనగా, మన పితరులను గూర్చి మనము సిగ్గుపడనక్కరలేదు. ఆకలితో ప్రభువునొద్దకు వచ్చుట పాపము కాదు, ఐదువేలమంది ఆకలితోనే కూర్చుండిరి. హెచ్చరిక ఏమనగా, మంచి కారణముతో వచ్చినవాడైనను, క్రైస్తవ గృహములో పుట్టినవాడైనను, తరువాతి బోధ లేనియెడల వాడిపోవును. తాత భక్తి మనుమని ఖాతాలో జమకాదు.

6. వడియారము చూపిన అద్దము

1947 సెప్టెంబరు 27న మద్రాసులోని సెయింట్ జార్జి దేవాలయములో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడెను. మెదకు అధ్యక్ష మండలమునకు ఫ్రాంక్ విట్టేకర్ గారు మొదటి బిషప్ అయిరి. మరుసటి సంవత్సరమే నైజాము పాలన ముగిసెను. ఆ మార్పుల తరువాత గ్రామ సంఘముల లోపలి స్థితి ఎట్లుండెనో తెలిసికొనుటకు పి.వై. లూక్ గారును జాన్ బి. కార్మన్ గారును మెదకు అధ్యక్ష మండలములోని వడియారం పాస్టరేటు గ్రామములలో తిరిగి, ఇంటింట మాటలాడి పరిశీలన చేసిరి. ఆ గ్రంథము 1968లో వెలువడెను.

అందులో వారు పొగడలేదు, తెగడలేదు, ఉన్నది వ్రాసిరి. చాలా గ్రామములలో క్రమమైన ఆరాధన అరుదు. క్రైస్తవులని పేరున్నవారు కొందరు గ్రామదేవతల జాతరలలో పాలుపొందుచుండిరి. రోగము వచ్చినప్పుడు పాత భయములు తిరిగి లేచుచుండెను. అయితే కీర్తనలయందు ప్రేమ నిలిచియుండెను, ప్రార్థనమీద నమ్మిక నిలిచియుండెను. వాడిపోయినను వేరు చావలేదు.

కారణమును వెదకిన మనకు తెలిసినదే. పాస్టరేటు పెద్దది, గురువు ఒక్కడు, గ్రామములు అనేకము. నెలకో రెండు నెలలకో ఒకసారి గురువు రాక. దీపము పట్టుకొని తిరిగిన సువార్తికుని చోటు ఖాళీ అయినచోట ఆ చోటును మరియొకరు నింపలేదు. ఆయన చేసిన పని సంఘములోని ప్రతివాని పని అని మనము అనుకొనలేదు.

మరియొక లోపమును కూడ దాచకూడదు. ఒకే ప్రభువు బల్లయొద్దకు వచ్చినను రెండు వాడల మధ్య గోడ చాలాచోట్ల నిలిచియే యుండెను. పెండ్లి సంబంధమునకు, కమిటీ ఎన్నికలకు ఆ గోడ నేటికిని జ్ఞాపకము వచ్చుచున్నది గదా! మనము ఎదిగితిమో లేదో పరీక్షించుటకు ఇంతకంటె మంచి కొలబద్ద నాకు కనబడుట లేదు. నోట వాక్యమున్నను మనస్సులో వాడ పేరు ముందు వచ్చినయెడల ఇంకను పాలు త్రాగుచున్నాము.

7. మన మూడు పట్టణములు

ఈ చరిత్రను మన యిండ్లకు తెత్తము. 2016 అక్టోబరు 11న జగిత్యాల, రాజన్న సిరిసిల్ల వేరు జిల్లాలు అయినవి, కోరుట్ల జగిత్యాల జిల్లాలో చేరెను. జిల్లాలు వేరైనను ఈ మూడు చోట్ల జనుల కష్టములు దగ్గర దగ్గరవే.

జగిత్యాల వైపు కాకతీయ కాలువ మన కండ్లయెదుట పారుచున్నది. కాలువ నిండుగా ఉన్నను పిల్లకాలువ తవ్వని పొలము ఎండిపోవును. వాక్యము మన యొద్ద సమృద్ధిగా ఉన్నది. బైబిలు ఫోనులోకే వచ్చినది, ప్రసంగములు రాత్రింబగళ్ళు వినబడుచున్నవి. కాని ఇంటిలోనికి పిల్లకాలువ ఏది? 1970లనుండి ఈ ప్రాంతపు యువకులు గల్ఫ్ దేశములకు పోవుచున్నారు. ఇంటి యజమాని మస్కటులో, భార్య అత్తగారింట, పిల్లలు హాస్టలులో. కుటుంబ ప్రార్థన అనుమాట విన్నప్పుడు అట్టి ఇల్లాలు, “అయ్యగారూ, కుటుంబమే ఒక్కచోట లేదు గదా” అనును. ఆమెకు ఏమని చెప్పవలెను? గల్ఫ్‌లో చాలాచోట్ల తెలుగువారు శుక్రవారమున కూడి ఆరాధించుచున్నారు, మనవారు ఆదివారమున. దినము వేరైనను ఒకే అధ్యాయము చదువవచ్చును గదా. వారమునకొకసారి ఫోనులో ఆ అధ్యాయమును గూర్చి భార్యాభర్తలు మాటలాడుకొనిన అది పిల్లకాలువ అగును. డబ్బు పంపిన సంగతి, జ్వరము తగ్గిన సంగతి మాటలాడుకొందురు. ఆత్మ సంగతి కూడ ఒక మాట అడుగుడి.

కోరుట్లలోను చుట్టుపట్లను వేలమంది స్త్రీలు బీడీలు చుట్టి సంసారము నడుపుచున్నారు. తునికాకు కత్తిరించి, తంబాకు నింపి, దారము చుట్టి వెయ్యి లెక్క పూర్తిచేయువరకు నడుము ఎత్తుటకు వీలులేదు. వారిని సాయంకాలపు బైబిలు తరగతికి రమ్మనుట సులభము, వారు వచ్చుట కష్టము. అయితే వారు అరుగులమీద చాటలు ముందు పెట్టుకొని గుంపుగానే కూర్చుందురు. చేతులు పనిలో ఉన్నవి, చెవులు, నోరు ఖాళీగా ఉన్నవి. మన ముత్తవ్వలు నాట్లలో కీర్తన నేర్చిన పద్ధతియే ఇక్కడ పనికివచ్చును. చదువు వచ్చిన ఒక అమ్మాయి ఒక వచనమును మెల్లగా చెప్పవలెను, తక్కినవారు తిరిగి చెప్పవలెను. వెయ్యి బీడీలు పూర్తియగు వేళకు ఒక కీర్తన చరణమో, రెండు వచనములో నోటికి వచ్చును. స్త్రీల మైత్రివారు ఈ పనికి తగినవారు.

సిరిసిల్లలో సాంచాల మోత రాత్రింబగళ్ళు వినబడును. మన సంఘస్థులలో సాంచాలమీద పనిచేయువారు కొద్దిమందియే అయినను ఊరంతయు ఆ పనిమీద ఆధారపడియున్నది. మగ్గముమీద పడుగు ముందుగా నిలుపబడి యుండును. దానిని నేతగాడు ఆటకు వచ్చినట్టు మార్చలేడు. పేక మాత్రము ఒక్కొక్క పోగుగా నేయవలెను. క్రీస్తు చేసిన కార్యము పడుగు. మన దినదిన విధేయత పేక. పడుగు ఎంత బలమైనదైనను పేక పడనిదే బట్ట కాదు, పడుగు లేనిదే పేక నిలువదు.

అప్పుల భారము తాళలేక నేతకార్మికులు ప్రాణములు తీసికొనిన వార్తలు సిరిసిల్లనుండి 1990ల చివరనుండి దేశమంతట వినబడెను. ఆ యిండ్లలో కొన్నిటికైనను వారమువారము వచ్చి, “అన్నా, ఎట్లున్నవు?” అని అడుగు మనిషి ఉండినయెడల ఏమగునో అని ఆలోచింపవలసియున్నది. బ్రిస్టలులో తరగతి కూటము అప్పులోనుండియే పుట్టెను. అప్పు సంగతి దాచవలసిన సంఘములో పాపము సంగతి ఎవరును చెప్పరు. ఒకరి భారము ఒకరు ఎరుగని చోట ప్రార్థన ఎంత దీర్ఘమైనను అది ఎదుగుదల కాదు.

8. ఇక మనము చేయవలసినది

చరిత్రను ఇంత దూరము చూచిన తరువాత మూడు సంగతులు స్పష్టముగా కనబడుచున్నవి. బ్రిస్టలులోను, దోర్నకల్‌లోను, మన గ్రామముల దీపముల యొద్దను విశ్వాసము పెరిగినచోట ఈ మూడు ఉండెను. ఆగిపోయినచోట వీటిలో ఏదో ఒకటి, కొన్నిచోట్ల మూడును, లేకపోయెను.

మొదటిది, అడుగు మనిషి. ప్రతి విశ్వాసికిని తన ఆత్మ స్థితిని అడుగు ఒక చిన్న గుంపు కావలెను. పదిపన్నెండుమంది చాలును. వీధివారీగా, పని వేళలనుబట్టి ఏర్పరచుకొనవచ్చును. నాయకుడు పండితుడు కానక్కరలేదు. వినువాడై యుండవలెను, విన్నదానిని వీధిలో వేయనివాడై యుండవలెను. ఈ రెండవ గుణము లేనివానిని నాయకునిగా పెట్టుటకంటె కూటము లేకుండుటయే మేలు.

రెండవది, నోట నిలుచు వాక్యము. చదువు వచ్చిన తరములో కంఠస్థము తగ్గినది. మన అవ్వలకు నూరు కీర్తనలు వచ్చును, చదువుకొనిన మనుమలకు పుస్తకము లేక తెర చూడనిదే రెండవ చరణము రాదు. ఆసుపత్రి మంచముమీద, పరదేశపు గదిలో, కరెంటు పోయిన రాత్రి మనతో ఉండునది నోట నిలిచిన వాక్యమే.

మూడవది, తెరచిన చేయి. కానుకయందును, సాక్ష్యమందును, పొరుగువాని సేవయందును ఇచ్చువాడే ఎదుగును. పుచ్చుకొను సంఘముగానే నూరేండ్లు గడిపితిమి అని ఎవరును మనలను గూర్చి చెప్పకుండ చూచుకొనవలెను. పిడికెడు బియ్యపు కుండను అటకమీదనుండి దింపుదము.

మన యవ్వనస్థులు కొందరు ఇతర సహవాసములకు పోవుచున్నారని సంఘ కమిటీలలో తరచు ఫిర్యాదు వినబడును. పోవువారిని నిందించుటకు ముందు మనము ఒక ప్రశ్న వేసికొందము: కన్ఫర్మేషన్ తరగతి ముగిసిన దినమునుండి వారికి మనము ఏమి పెట్టితిమి? పదునైదేండ్ల వయస్సులో తొడిగిన చొక్కా ముప్పదియేండ్లకు సరిపడునా? ఆకలిగొనినవాడు అన్నము వాసన వచ్చు వైపునకు నడుచుట సహజము. ఉజ్జీవ కూటములు మంచివే. అయితే ఒక రాత్రి వానకు చెరువు నిండదు, నిండినను తూము సరిగా లేనిదే పంటకు అందదు.

ఎదుగుటకు గడువు తీరిపోయినదని పెద్దలు తలంపకుందురుగాక. మా దేహములు కుంగుచున్నవి, ఇక మేము ఏమి ఎదుగుదుము అని ముసలివారు అందురు. పసుపు పండించు మన రైతులు ఎరుగుదురు. జూన్ మాసములో నాటిన కొమ్ము తవ్వకమునకు వచ్చువరకు ఎనిమిది తొమ్మిది నెలలు పట్టును. పైన ఆకు ఎండిన తరువాతనే తవ్వుదురు. ఆకు పచ్చగా ఉన్నంతకాలము కంటికి కనబడినది ఆకు, పనికివచ్చునది నేల లోపల ఊరినది. తవ్విన తరువాత కూడ ఉడకబెట్టి, ఎండబెట్టి, మెరుగు పట్టించవలెను. అప్పుడుగాని మార్కెటులో నిలువదు. వృద్ధాప్యపు శ్రమలు కూడ ఆ మెరుగు పనిలో భాగమే.

ప్రియ సంఘస్థులారా, ఈ పండుగ దినములలో మన తోరణములు, మన ఊరేగింపులు చూచి పట్టణమువారు సంతోషింతురు. తోరణములు వారము దినములలో వాడును. ఆ తరువాత ప్రతి ఇంటివారు ఒక సాయంకాలము కూర్చుండి ఒకరినొకరు అడుగుకొందురుగాక: నేను కన్ఫర్మేషన్ పొందిన నాటికంటె నేడు క్రీస్తును ఎక్కువగా ఎరుగుదునా? ఎక్కువగా క్షమించగలుగుచున్నానా? పొరుగువాడు దానిని చూచెనా? జవాబు చెప్పుటకు నోరు తడబడినను భయపడనక్కరలేదు. తడబడు జవాబు వినుటకు ఒక అన్న, ఒక అక్క ప్రక్కన ఉన్నప్పుడు సంఘము అక్కడనే మరల ఎదుగ మొదలుపెట్టును.

మనలో ఈ మంచి పనిని ఆరంభించిన దేవుడు, తరువాతి నూరేండ్లలో మన పిల్లల పిల్లలయందును దానిని కొనసాగించి సంపూర్తి చేయునుగాక. ఆమేన్.